‘ప్రామాణికమైన’ జపాను సైనిక హెల్మెట్: ఈ మాట ఇక్కడ సరిపోతుందా?

రెండో ప్రపంచ యుద్ధకాలపు వస్తువుల ప్రదర్శనకు తెలుగులో వివరాలు రాస్తున్నానని, ఒక వస్తువు కింద ‘ప్రామాణికమైన జపాను సైనిక శిరస్త్రాణం’ అనవచ్చా అని మన భాషా చర్చా బృందంలో ఒక సభ్యురాలు అడిగారు. చర్చ అంతా శిరస్త్రాణమా, హెల్మెట్టా అన్నదాని చుట్టూనే తిరిగింది. హెల్మెట్ అనే రాయండి, చదివే పిల్లలకు కూడా తెలుస్తుంది. నా అభ్యంతరం ‘ప్రామాణికం’ మీద.

ఇప్పటి తెలుగులో ప్రామాణికం అనగానే ప్రామాణిక భాష, ప్రామాణిక కొలత గుర్తుకొస్తాయి. నలుగురూ ఒప్పుకొన్న నమూనా అన్నమాట. జపాను సైన్యానికి నిజంగానే అలాంటి నమూనా ఒకటి ఉండేది. దాన్ని తొంభైవ రకం అంటారు. ఈ తొంభై ఎక్కడిదంటే, జపాను వారి రాజవంశ సంవత్సర గణనలో 2590, అంటే మన క్యాలెండరులో 1930. జీరో యుద్ధవిమానానికి ఆ పేరు వచ్చింది కూడా 2600లోని సున్నా వల్లే. కాబట్టి ‘ప్రామాణికమైన హెల్మెట్’ అని రాస్తే, సైనికులందరికీ ఇచ్చిన మామూలు రకం అని పాఠకుడికి అర్థమవుతుంది. మీరు చెప్పదలచుకున్నది అది నకిలీ కాదని. నిన్న తయారుచేసిన తొంభైవ రకం కూడా మొదటి అర్థంలో ప్రామాణికమే!

పోనీ ‘అసలైన’ అందామా? అప్పుడు దేనిలో అసలు అన్న ప్రశ్న వస్తుంది. ఇక్కడ మన భాషలో మూడు మంచి మాటలు సిద్ధంగా ఉన్నాయి: నకలు, నకిలీ, కల్తీ. వాటిని కలిపేయకుండా వాడుకోవడం మన చేతిలో ఉంది.

నకలులో మోసం లేదు. దస్తావేజు నకలు కావాలని దరఖాస్తు పెట్టుకుంటాం, ఆఫీసు వారే ముద్ర వేసి ఇస్తారు. సినిమా చిత్రీకరణకో, నాటకానికో చేయించిన జపాను హెల్మెట్ నకలే. దాన్నే ఉప్పునీటిలో నానబెట్టి, తుప్పు పట్టించి, బర్మా అడవిలో దొరికిందని అమ్మితే నకిలీ.

మూడోది కల్తీ. హెల్మెట్ల విషయంలో ఎక్కువగా తగిలేది ఇదే, చాలామంది మోసపోయేది కూడా ఇక్కడే. యుద్ధకాలంలో జపానులో వైమానిక దాడుల నుంచి కాచుకోవడానికి పౌర రక్షణ దళాల వారికి కూడా ఇనుప హెల్మెట్లు ఉండేవి. సైన్యం వాటికన్నా పలుచని రేకుతో, రకరకాల ఆకారాల్లో చేసేవారు. అవి ఆ కాలానివే, జపానువే, పాతవే. అలాంటి ఒకదాని ముందు భాగాన ఐదు మొనల నక్షత్రం ఒకటి బిగిస్తే సైనిక హెల్మెట్ ధర పలుకుతుంది. అదే కల్తీ.

నక్షత్రం సైన్యం గుర్తు, లంగరు నౌకాదళం గుర్తు. ఆ గుర్తును బయటి నుంచి ఎంత చూసినా లాభం లేదు. హెల్మెట్‌ను బోర్లా కాకుండా వెల్లకిలా పెట్టి లోపల చూడాలి. గుర్తు వెనుక ఉన్న మెత్తని రేకు కాళ్లు డొప్పకు, అంటే హెల్మెట్ పై ఇనుప చిప్పకు, ముందున్న చీలికలోంచి లోపలికి దూరి, అటూ ఇటూ వంగి ఉండాలి. ఎనభై ఏళ్లు అలాగే ఉన్న కాళ్ల కింద రంగు ఒకలా, వాటి చుట్టూ మరొకలా ఉంటుంది. చీలిక అంచున రంగూ తుప్పూ లేకుండా ఉక్కు తెల్లగా మెరుస్తుంటే, ఆ చీలిక ఎప్పుడు కోశారో వేరే చెప్పనవసరం లేదు. లోపలి అమరికలు కూడా అంతే: తోలు పట్టీ, తోలు మెత్తలు, గడ్డం కింద ముడివేసే పొడవాటి బట్ట పట్టీలు. పాతబడిన డొప్పలో తోలు ఒక్కటే కొత్త చెప్పులా మెత్తగా ఉంటే అనుమానించాలి. తోలు మార్చడం తప్పు కాదు, మార్చామని చెప్పకపోవడమే తప్పు. చెబితే మరమ్మతు, దాస్తే కల్తీ.

మనం భాష మనుషులం కదా, లోపలి రాతల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. కొన్నిటిలో సైనికుడి పేరు, ఏదో ఒక నినాదం చేతిరాతతో కనిపిస్తాయి. జపానులో 1946లో వాడుక లిపి జాబితా ప్రకటించి, 1949లో చాలా అక్షరాల రూపాలను సులభం చేశారు. దేశం అనే అర్థమున్న అక్షరానికి ఇప్పుడు పెట్టె మధ్యలో రత్నాన్ని సూచించే గుర్తు ఉంటుంది, పాత అచ్చులో మధ్య భాగం ఇంకా చిక్కుగా ఉండేది. యుద్ధకాలపు వస్తువు మీద కొత్త రూపం కనబడితే నకిలీ అని కొందరు తేల్చేస్తారు. ఆ తీర్పు తొందరపాటు. సంస్కరణకు ముందే చేతిరాతలో ఇలాంటి పొట్టి రూపాలు కొన్ని వాడుకలో ఉన్నాయి, సంస్కర్తలు వాటిలోంచే చాలా ఏరుకున్నారు. అచ్చుముద్రలో కనిపిస్తే బలమైన అనుమానం, చేతిరాతలో కనిపిస్తే అనుమానం మాత్రమే. తేదీ షోవా శకంలో, అంటే హిరోహితో చక్రవర్తి పాలనాకాలపు లెక్కలో, ఉంటే ఆ సంవత్సరానికి 1925 కలపండి: షోవా 16 అంటే 1941. సిరా తుప్పు పైన ఉందా, కింద ఉందా అన్నది అక్షరాల కన్నా ముఖ్యం. తుప్పు మీద రాసిన పేరు సైనికుడు రాసింది కాకపోవచ్చు.

ఇక కథలు. మన తర్కశాస్త్రం ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అని నాలుగు ప్రమాణాలు చెప్పింది. శబ్దం ఆప్తవాక్యమైతేనే, అంటే నమ్మదగినవారి మాటైతేనే, ప్రమాణం. అమ్మేవాడు ఆప్తుడు కాడు. వస్తువు అసలు, కథ వడ్డీ; మన దగ్గర వడ్డీని కూడా అసలు ఖాతాలోనే రాయించుకుంటారు. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. కానీ ఆంధ్ర తీరంలో జపాను పదాతి సైనికుడు ఎవరూ దిగలేదు. మా తాతకు విశాఖ బీచిలో దొరికిందని ఎవరైనా అంటే డొప్ప నిజమైనదే కావచ్చు, కథ మాత్రం నిలవదు. 1944లో పోరు జరిగిన కోహిమా, ఇంఫాల్ ప్రాంతం నుంచి వచ్చిందంటే వినదగిన మాటే. అప్పుడు కూడా ఎవరు తీశారు, ఎప్పుడు తీశారు, మధ్యలో ఎవరి దగ్గర ఉంది అని అడగాలి.

ఆ ప్రశ్న కింద వ్యాఖ్యల్లో ఒకరు ‘నిఖార్సైన’ అనమన్నారు, మరొకరు ‘అసలుసిసలు’ అన్నారు. రెండూ మెచ్చుకోలు మాటలు. నిఖార్సైన మనిషి, అసలుసిసలు ఆవకాయ అంటాం. వాటిలో ఉత్సాహం ఉంది, సమాచారం లేదు. ప్రదర్శనలో వస్తువు కింద రాసే నాలుగు ముక్కల్లో విశేషణానికి చోటు దండగ.

‘జపాను సైన్యం హెల్మెట్‌ను అప్పట్లో ఏమనేది?’ అని అడిగినవారికి: అధికారిక వాడుక తెత్సుబో, ఇనుప టోపీ అని అర్థం. జనం నోట తెత్సుకబుతో ఎక్కువ. కబుతో అంటే పాతకాలపు సమురాయిలు పెట్టుకునేది. తెలుగు వివరణలో ఒకసారి తెత్సుబో అని ఇస్తే చాలు.

నేనైతే ఇలా రాస్తాను: ‘జపాను సైన్యపు తొంభైవ రకం హెల్మెట్. డొప్ప, నక్షత్రం యుద్ధకాలం నాటివి. లోపలి తోలు తర్వాత మార్చింది. లోపలి పేరు ఎవరిదో నిర్ధారణ కాలేదు.’ మీ దగ్గరున్న దానికి ఇందులో ఏ వాక్యం నిజమో, ఏది కాదో చూసి మార్చుకోండి. పరిశీలించిన వారి పేరు, పరిశీలించిన తేదీ కూడా కింద వేయించండి.