చనిపోయినవారి కోసం పూజ చెప్పిస్తే అది వారికి అందుతుందా?

ఎర్ర అట్ట పుస్తకం (చర్చ ప్రారంభించినవారు)

వచ్చే నవంబరుకు మా అమ్మ పోయి ఏడాది అవుతుంది. మాది గుంటూరు జిల్లాలో కతోలిక కుటుంబం. నన్ను ఇచ్చింది లూథరన్ ఇంటికి. సాంవత్సరికానికి అమ్మ ఆత్మ కోసం గ్రెగోరియన్ పూజలు చెప్పించాలని నా కోరిక. అంటే ఒకే ఆత్మ కోసం గురువు (ఫాదర్) చర్చిలో 30 రోజులు వరుసగా అర్పించే దివ్యబలి పూజలు (మాస్). మా బావగారు పాస్టరు. విని కోప్పడలేదు. "మీ అమ్మగారు ప్రభువు దగ్గర ఉన్నారని నమ్ముతున్నావా లేదా? నమ్మితే ఇంకా ఏమని అడుగుతావమ్మా?" అన్నారు. అప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

అమ్మకు ఒక పాత లెక్కల పుస్తకం ఉండేది. ఎర్ర అట్ట. కుట్లు ఊడిపోతే తెల్లదారంతో తనే మళ్ళీ కుట్టుకుంది. అందులో అన్నీ చనిపోయినవారి పేర్లు. రోజూ సాయంత్రం జపమాల అయ్యాక ఒక పుట తీసి ఆ పేర్లు పైకి చదివేది. తాతలు, మేనత్తలు, ఇరుగుపొరుగు, మాకు పాఠాలు చెప్పిన మాస్టారు. ఒకచోట పేరు లేదు. "మిరప కోతలకు వచ్చి మన కళ్ళంలో పోయిన ఆయన" అని మాత్రం ఉంది.

ఆ పుస్తకం ఇప్పుడు నా దగ్గర ఉంది. అమ్మ పేరు ఇంకా రాయలేదు. రాస్తే ఆమె ఇంకా పరలోకం చేరలేదని నేనే ఒప్పుకున్నట్టు అవుతుందేమోనని భయం. తెలిసినవారు చెప్పండి.

వాక్యమే దీపం

సోదరీ, మీ దుఃఖం అర్థమైంది. అయినా వాక్యం ఉన్నది ఉన్నట్టు చెప్పాలి. "మనుష్యులొక్కసారే మృతి పొందవలెనని నియమింపబడెను, ఆ తరువాత తీర్పు జరుగును" అని హెబ్రీ పత్రిక 9:27. సిలువ మీద దొంగతో ప్రభువు "నేడు" నాతో పరదైసులో ఉంటావన్నాడు. ముప్పై రోజుల తరువాత అనలేదు. మృతుల కోసం ప్రార్థన ఉందని మీవారు చూపించే మక్కబీయుల గ్రంథం మా బైబిలులో లేదు.

ఇంకొక మాట. 1517లో మా లూథరన్ సంఘాలకు మూలపురుషుడైన లూథరు ఎదురు తిరిగింది దేనికి? కానుక పెట్టెలో నాణెం గలగలమనగానే ఆత్మ ఎగిరిపోతుందని బోధించినందుకు. మా ఊళ్ళో కూలికి వెళ్ళే ఒక తల్లి భర్త కోసం అప్పు తెచ్చి పూజలు చెప్పించింది. ఆ అప్పు తీరడానికి రెండు పంటలు పట్టింది. అది చూసినవాణ్ణి కనుక ఈ విషయంలో మెత్తగా మాట్లాడలేను.

విచారణ ఉపదేశి

ముందు డబ్బు సంగతి. అప్పు చేసి పూజలు చెప్పించమని శ్రీసభ (కతోలిక సంఘం) ఎన్నడూ చెప్పలేదు. 1983 నాటి శ్రీసభ చట్టం 945 నుంచి చదవండి. కానుక ఇవ్వలేనివారి కోరిక మీద కూడా, ముఖ్యంగా పేదల కోసం, పూజ అర్పించమని గురువులకు చెప్పింది. 947లో బేరసారాల ఛాయ కూడా ఉండకూడదని ఉంది. గురువు రోజుకు ఎన్ని పూజలు అర్పించినా, క్రిస్మస్ నాడు తప్ప, ఒక్కదాని కానుకే ఉంచుకోవాలి. ఆ తల్లికి ఈ సంగతి ఎవరూ చెప్పకపోవడం మా తప్పే. ఆ తప్పు నేను ఒప్పుకుంటున్నాను.

ఇక సిద్ధాంతం. ఉత్తరించు స్థలం రెండో అవకాశం కాదు, చిన్న నరకమూ కాదు. దేవుని స్నేహంలో చనిపోయి, ఇంకా శుద్ధి కావలసినవారి స్థితి అది. అక్కడున్న ప్రతి ఆత్మకూ రక్షణ ఖాయం. అందుకే తీర్పు జరిగిపోయిందన్న మాటకూ మాకూ పేచీ లేదు. తీర్పు అయ్యాకే కదా ఆ శుద్ధి! కతోలిక బిషప్పుల ట్రెంట్ మహాసభ 1563 డిసెంబరులో దీని మీద ఇచ్చిన తీర్మానం చాలా చిన్నది. అది కూడా అనవసర కుతూహలాన్నీ, మూఢనమ్మకాన్నీ, డబ్బు వాసన కొట్టే ప్రతిదాన్నీ నిషేధించమని బిషప్పులను ఆదేశించింది. ఫలానా ప్రార్థనకు ఇన్ని రోజుల ఫలం అనే పాత లెక్కలను 1967లో ఆరవ పౌలు పాపుగారు (పోప్) తీసివేశారు.

అమ్మాయీ, నీ ప్రశ్నకు నా జవాబు ఇది. 387లో ఒస్తియా రేవులో పునీత మోనికమ్మ చనిపోయే ముందు కొడుకు అగస్టీనుతో తన శరీరాన్ని ఎక్కడ పెట్టినా సరేననీ, ప్రభువు బలిపీఠం దగ్గర మాత్రం తనను తలుచుకోమనీ అడిగింది. తల్లి రక్షణ మీద నమ్మకం లేక అగస్టీను ప్రార్థించలేదు. తల్లి కనుక ప్రార్థించాడు. నువ్వు ఆ పుస్తకంలో పేరు రాయడం తీర్పు చెప్పడం కాదమ్మా.

ముప్పై పూజలే కావాలని లేదు. నవంబరు 1 నుంచి 8 వరకు సమాధుల తోటకు వెళ్ళి చనిపోయినవారి కోసం ప్రార్థించేవారు, పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం), సత్ప్రసాదం (పూజలో అప్పం స్వీకరించడం), పాపుగారి ఉద్దేశాల కోసం ఒక జపం వంటి మామూలు నియమాలతో, ఆ ఆత్మల కోసం పరిపూర్ణ ఫలం (పాపాలకు మిగిలిన శిక్ష పూర్తిగా తీరడం) పొందుతారని శ్రీసభ బోధ. నడిచి వెళ్ళడానికి ఎవరికీ పైసా ఇవ్వనక్కరలేదు.

మూడో తరం లూథరన్

1842లో లూథరన్ మిషనరీ హయ్యరు దొరగారు గుంటూరు వచ్చినప్పటి నుంచి మనం లూథరు బిడ్డలమని చెప్పుకుంటున్నాం. కానీ లూథరు ఏమన్నాడో చదవలేదు. 1528లో ఆయన తన విశ్వాస ప్రకటనలో, చనిపోయినవారి గురించి "ఈ ఆత్మ నీ కృప అందే స్థితిలో ఉంటే కృప చూపు" అనే భావంతో దేవుణ్ణి వేడుకోవడం పాపం కాదని రాశాడు. 1531లో లూథరు సహచరుడు మెలాంక్థన్ లూథరన్ విశ్వాసం తరఫున రాసిన సమర్థన గ్రంథం కూడా మృతుల కోసం ప్రార్థనను మేము నిషేధించడం లేదని స్పష్టంగా చెప్పింది. వాళ్ళు కాదన్నది ప్రభు భోజనాన్ని మృతుల కోసం బలిగా అర్పించడాన్ని. అక్కడ నేనూ వాళ్ళ పక్షమే. ముప్పై పూజలు వద్దనే అంటాను. కానీ ఆ పుస్తకం మూసేయమని చెప్పే హక్కు మన సంఘంలో ఎవరికీ లేదు.

మనం ఆదరణ కూడిక పెడతాం. పాటలు, వాక్యం, భోజనం. అంతా బతికినవారి కోసమే. పోయినవారి పేరు దేవుని ముందు ఎత్తడానికి మన దగ్గర ఒక్క వాక్యం లేదు. మా నాన్న పోయినప్పుడు ఆ లోటు నాకు తెలిసింది.

వాక్యమే దీపం

లూథరు ఒకటి రెండుసార్లు అడిగి ఊరుకోవచ్చన్నాడు. అది కూడా చెప్పండి. రోజూ పేర్ల జాబితా చదవమనలేదు. మీ రెండో మాటకు మాత్రం నా దగ్గర జవాబు లేదు.

కృష్ణ ఒడ్డు

మేము హిందువులం, మీ వాదంలో తలదూర్చను. కళ్ళంలో పోయిన ఆయన గురించి చదివి ఆగలేకపోయాను. మా తర్పణంలో చివర తల్లి, తండ్రి, బంధువు ఎవరూ లేనివారికి కూడా నీళ్ళు వదులుతాం. ఆయన ఎవరండీ?

ఎర్ర అట్ట పుస్తకం

ఎవరో తెలియదండీ. నేను పుట్టకముందు సంగతి. ఒడిశా వైపు నుంచి వచ్చాడని, రెండు రోజులు జ్వరంతో ఉన్నాడని అమ్మ చెప్పేది. పేరు అడిగేలోపు పోయాడట. అమ్మకు ఆ బాధ ఉండిపోయింది. అందుకే ఆయన వచ్చే పుటను మిగతావాటికంటే ఎక్కువసార్లు తీసేదేమో. ఆ పుట అంచు నల్లబడి నలిగిపోయింది.

ఉపదేశి గారి మాట బావగారికి చదివి వినిపించాను. మోనికమ్మ దగ్గర ఆపమన్నారు. కాసేపు ఏమీ అనలేదు. పూజకు రానన్నారు. అది ఆయన మనస్సాక్షి, నేను బలవంతపెట్టను. ముప్పై పూజలు మానేశాను. నవంబరు 2న సమాధుల పండుగ నాడు మా విచారణ (చర్చి) వాళ్ళందరితో కలిసి పూజలో ఉంటాను. అమ్మ సాంవత్సరికానికి విడిగా ఒక్క పూజ.

పేరు నిన్న రాత్రి రాశాను. కళ్ళంలో ఆయన ఉన్న పుటలోనే, కింద ఒక్క వరుస ఖాళీ ఉంటే అక్కడ. అక్టోబరు ఆఖరివారంలో సమాధికి సున్నం వేయడానికి తానే వస్తానని బావగారు అన్నారు. కుంచె, బకెట్ మా ఇంట్లోనే ఉన్నాయి. సున్నం కొనాలి.