వాన ఖాయమంటున్నారు, ఓపెన్ గ్రౌండ్ రాక్ షోకి వెళ్లాలా వద్దా?

బ్రాడీపేట_బేస్:
శనివారం సాయంత్రం తుళ్లూరు వైపు పొలాల పక్కన ఓపెన్ గ్రౌండ్‌లో రాక్ షో ఉంది. అల్పపీడనం, ఉరుములతో వానలు అని వాతావరణ శాఖ చెబుతోంది. టికెట్ మీద మాత్రం "వాన పడినా షో ఆగదు, డబ్బు వాపసు లేదు" అని వేశారు. మా బ్యాచ్‌లో సగం వెళ్దామంటోంది, సగం వద్దంటోంది. మీరేమంటారు?

పటమట_డ్రమ్స్:
ఇదీ ఒక ప్రశ్నేనా బ్రో! 1969లో అమెరికా రాక్ ఫెస్టివల్ వుడ్‌స్టాక్‌లో జో కాకర్ పాడి దిగగానే గాలివాన, గంటలకొద్దీ షో ఆగింది. జనం బురదలో జారుతూ ఆడుకున్నారు. అరుణాచల్‌లో జీరో మ్యూజిక్ ఫెస్టివల్‌కి గమ్‌బూట్లు వేసుకునే వెళ్తారు. ఏసీ హాల్లో కూర్చుని వినే సంగీతమా ఇది?

ఉండవల్లి_గట్టు:
సగం కథే చెప్పావు తమ్ముడూ. అదే వుడ్‌స్టాక్‌లో సోమవారం పొద్దున గిటారిస్ట్ హెండ్రిక్స్ స్టేజీ ఎక్కేసరికి జనంలో చాలామంది ఇంటిదారి పట్టేశారు. పైగా మనది నల్లరేగడి. చెప్పు దిగబడితే కాలొక్కటే బయటికొస్తుంది, మడ్‌గార్డ్‌లో మట్టి ఇరుక్కుంటే బండి చక్రం తిరగదు.

ఇదంతా సరదాగానే భరించొచ్చు, తడిస్తే ఆరతాం. నా భయం పిడుగు. 2016లో జర్మనీ మ్యూజిక్ ఫెస్టివల్ రాక్ ఆమ్ రింగ్‌లో పిడుగులకి 70 మందికి పైగా గాయపడ్డారు. మెరిసిన 30 సెకన్లలోపు ఉరిమితే లోపలికి వెళ్లాలి, చివరి ఉరుము తర్వాత అరగంట బయటికి రాకూడదు అంటారు. బేస్ గుండెల్లో మోగుతుంటే ఉరుమెవడికి వినపడుద్ది? వినపడినా ఆ పొలంలో "లోపల" అంటే ఏది? షామియానా కాపాడదు. కారైతే పర్లేదు, మనలో ఎక్కువమంది బైకుల మీదే పోతాం. కనీసం పిడుగు హెచ్చరికలిచ్చే దామిని యాప్ పెట్టుకోండి.

సౌండ్‌బాక్స్_గుంటూరు:
స్టేజీలు కట్టే పని మాది. వానకి కవర్లు కప్పుతాం, గాలికి ఏం కప్పుతాం? పైకప్పు, ఎల్‌ఈడీ తెర రెండూ తెరచాపల్లా గాలిని పట్టేస్తాయి. 2011లో బెల్జియం మ్యూజిక్ ఫెస్టివల్ పుకెల్‌పాప్‌లో గాలివానకి టెంట్లు, తెరలు కూలి అయిదుగురు పోయారు. నిర్వాహకులకి ఫోన్ చేసి ఒక్కటే అడగండి: గాలి ఎంత వేగం దాటితే తెర దించుతారు? నంబర్ చెబితే వెళ్లండి.

పటమట_డ్రమ్స్:
ఇలా లెక్కలేసుకుంటే కృష్ణకి స్నానానికి కూడా పోలేం.

ఉండవల్లి_గట్టు:
నీళ్లెక్కువ వదిలినప్పుడు ఘాట్ దగ్గర పోలీసులు ఆపుతారు తమ్ముడూ. ఇక్కడ ఆపేవాడే టికెట్లమ్మాడు, వాపసు లేదన్నాడు. వాడెందుకు ఆపుతాడు? వట్టి వానైతే నేనూ వస్తా. ఉరుములన్నారు కాబట్టి రాను.

బ్రాడీపేట_బేస్:
ఫోన్ చేశా. "మా స్టేజీకేం కాదు సార్, మీరు రండి" అన్నాడు. నంబర్ చెప్పలేదు. నా దగ్గర రెండు టికెట్లున్నాయి, సగం ధరకే. పటమట అన్నా, కావాలా?

పటమట_డ్రమ్స్:
పంపు. ఒక్కటి చాలు, మా వాడు రానంటున్నాడు.