టెర్మినల్‌లో కాపీకి వేరే షార్ట్‌కట్ ఎందుకు?

ప్రశ్న: ఆఫీసులో ఈమధ్యే విండోస్ నుంచి ఉబుంటుకి మారాం. అన్నిచోట్లా కంట్రోల్ సి నొక్కితే కాపీ అవుతుంది, టెర్మినల్‌లో (కమాండ్లు టైప్ చేసే విండోలో) మాత్రం నడుస్తున్న ప్రోగ్రామే ఆగిపోతోంది. సరే అని కంట్రోల్ షిఫ్ట్ సి అలవాటు చేసుకుంటే, బ్రౌజర్‌లో కూడా చెయ్యి అక్కడికే పోయి డెవలపర్ టూల్స్ తెరుచుకుంటున్నాయి. అంతటా ఒకేలా పెట్టుకునే దారి ఉందా అండీ?

జవాబు 1: ఇందులో టెర్మినల్ తప్పేం లేదండీ. కంట్రోల్ సితో ప్రోగ్రామ్ ఆపడం డెక్ అనే కంపెనీ పాత కంప్యూటర్ల నాటిది, అన్‌డూ, కట్, కాపీ, పేస్ట్‌లకి ఆపిల్ వాళ్ల జెడ్ ఎక్స్ సి వి వరస ఆ తర్వాత 1980లలో వచ్చింది. మ్యాక్‌లో కాపీకి కమాండ్ కీ వాడతారు కాబట్టి అక్కడ ఈ గొడవే లేదు. విండోస్ టెర్మినల్ పద్ధతి నాకు బాగా నచ్చింది: టెక్స్ట్ సెలెక్ట్ చేసి ఉంటే కాపీ, లేకపోతే ఆపడం.

జవాబు 2: ఉబుంటు టెర్మినల్ ప్రిఫరెన్సెస్‌లో షార్ట్‌కట్స్ మార్చుకోవచ్చు, కానీ వద్దనే అంటాను, రేపు ఇంకొకరి మెషీన్ ముందు కూర్చుంటే మళ్లీ మొదటికే వస్తుంది.

జవాబు 3: నన్నడిగితే రీడూ (అన్‌డూ చేసినదాన్ని మళ్లీ తెచ్చుకోవడం) ఇంకా ఘోరం. లిబ్రేఆఫీస్‌లో కంట్రోల్ వై, ఫొటోషాప్‌లో కంట్రోల్ షిఫ్ట్ జెడ్. ఇంక్‌స్కేప్ రెండూ ఒప్పుకుంటుంది, మిగతావాళ్లూ అలా చేస్తే ఏం పోతుంది?