సినిమా పూర్తయింది, రిలీజ్‌కి డబ్బు లేదు: మీ అనుభవాలు చెప్పండి

గోదారిగట్టు:
రాజమండ్రి దగ్గర మా ఊళ్లోనే, ఊరివాళ్లతోనే సినిమా తీశాం. స్నేహితులు, అమెరికాలో ఉన్న బాబాయి కొంత పెట్టారు, మిగతాది వడ్డీకి తెచ్చాం. సెన్సార్ కూడా అయింది. డిస్ట్రిబ్యూటర్లు "హీరో ఎవరు? ఓటీటీ అమ్మారా?" అంటున్నారు. ఓటీటీ వాళ్లేమో "ముందు థియేటర్లో ఆడించి రండి" అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది. ఈ దారిలో వెళ్లినవాళ్లు చెప్పండి.

నైజాం_నాగులు:
తమ్ముడూ, నేను డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో చాలాకాలం పనిచేశాను. మన దగ్గర సింగిల్ స్క్రీన్లు ఎక్కువగా అద్దె మీద నడుస్తాయి. పెద్ద సినిమాకి ఆ అద్దె సంగతి సినిమాని కొన్న డిస్ట్రిబ్యూటర్ చూసుకుంటాడు, మీ సినిమాకి మీరే కట్టాలి. వచ్చిన కలెక్షన్ అద్దెకు చాలకపోతే ఆ తేడా కూడా మీదే. మల్టీప్లెక్సులో వచ్చిన కలెక్షన్‌లో పర్సెంటేజీ కాబట్టి ఆ భయం లేదు గానీ, ఏ షో ఇస్తారన్నది వాళ్ల ఇష్టం.

దీనిమీద, సినిమాని డిజిటల్‌గా థియేటర్లకు పంపే క్యూబ్, యూఎఫ్‌ఓ లాంటి సంస్థలకు కట్టే వీపీఎఫ్ (వర్చువల్ ప్రింట్ ఫీజు) ఒకటి. రీళ్లు పోయి ఇన్నేళ్లయినా స్క్రీన్‌కి ఇంతని నిర్మాత కడుతూనే ఉన్నాడు. 2018 మార్చిలో దక్షిణాది నిర్మాతలు రిలీజులు ఆపింది దీనికోసమే.

అందుకే వంద స్క్రీన్ల కోసం పోకండి. రాజమండ్రి, కాకినాడ, హైదరాబాద్‌లో కొన్ని మల్టీప్లెక్సులు చాలు. స్టార్ లేని సినిమాకి శుక్రవారం జనం రారు. బాగుందన్న మాట ఆదివారానికి గానీ పాకదు, సోమవారం షోలు తీసేస్తారు. చిన్న సినిమాలు ఎక్కువగా చచ్చేది అక్కడే. ఉన్న డబ్బులో సగం రెండో వారానికి దాచండి.

కట్‌పాయింట్:
నేను ఎడిటర్‌ని. అందరూ 'కేరాఫ్ కంచరపాలెం' ఉదాహరణ చెబుతారు. అమెరికాలో డాక్టరైన పరుచూరి ప్రవీణ గారు నిర్మించారు, నటించినవాళ్లలో ఎక్కువమంది ఆ పేటవాళ్లే. గొప్ప సినిమా. కానీ 2018లో అంతమందికి చేరిందంటే సురేష్ ప్రొడక్షన్స్ అండగా నిలబడింది కాబట్టి. 2021లో నేరుగా నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన 'సినిమా బండి' వెనక హిందీలో పేరున్న దర్శకులు రాజ్, డీకే నిర్మాతలుగా ఉన్నారు. అలాంటి అండ దొరకక హార్డ్ డిస్కుల్లోనే ఉండిపోయిన మంచి సినిమాలను నేను కళ్లారా చూశాను, బాధేస్తుంది.

ఓటీటీలు ఇప్పుడు చిన్న సినిమాని ఏకమొత్తంగా కొనడం తక్కువ, చాలావరకు జనం ఎన్ని నిమిషాలు చూశారన్న లెక్కనే డబ్బిస్తారు. అదీ మధ్యలో అగ్రిగేటర్ ద్వారా, అంటే సినిమాలు తీసుకుని ఓటీటీలకు ఇచ్చే మధ్యవర్తి ద్వారా. మేం పనిచేసిన ఒక సినిమాకి అలాంటివాడే డబ్బింగ్, రీమేక్‌తో సహా అన్ని హక్కులూ రాయించుకున్నాడు, తర్వాత లెక్కలే చూపలేదు. హిందీ డబ్బింగ్ అడిగినవాళ్లు వచ్చినా నిర్మాత ఇవ్వలేకపోయారు. ఏ హక్కు, ఎన్నేళ్లకి, లెక్క ఎన్నాళ్లకోసారి అన్నది రాతలో లేకుండా సంతకం పెట్టకండి.

బళ్లారి_బాషా:
జనం దగ్గరే డబ్బు తీసుకోవడం కొత్తేమీ కాదు. 1976లో 'మంథన్' కోసం గుజరాత్ పాల రైతులు ఐదు లక్షల మంది తలా రెండు రూపాయలు వేశారు. ఆ రైతులే తర్వాత లారీల్లో వచ్చి సినిమా చూశారు! మా కన్నడంలో 'లూసియా' 2013లో వచ్చింది, వంద మందికి పైగా ప్రేక్షకులు డబ్బు పెట్టారు. నాకు ఇందులో నచ్చేది డబ్బు కాదన్నా, రిలీజ్ రోజుకి మనవాళ్లు ముందే ఉండటం. కాకపోతే లాభంలో వాటా ఇస్తామని పబ్లిక్‌గా అడిగితే సెబీ (జనం పెట్టుబడులపై నిఘా పెట్టే కేంద్ర సంస్థ) చిక్కులుంటాయి, లాయర్‌ని అడిగాకే దిగండి.

కట్‌పాయింట్:
కేరళలో మహిళా దర్శకులకూ, ఎస్సీ, ఎస్టీ దర్శకులకూ సినిమాకి కోటిన్నర దాకా ప్రభుత్వ ఫిలిం కార్పొరేషనే పెడుతోంది. 2024లో 'సీ స్పేస్' అని సొంత ఓటీటీ కూడా తెచ్చింది. మన రెండు ప్రభుత్వాలనూ ఇది గట్టిగా అడగాలి. సబ్సిడీ కంటే ముందు చూపించే చోటు కావాలి.

గోదారిగట్టు:
అందరికీ థాంక్స్. నాగులన్నా, మా ఊరి ఫంక్షన్ హాల్లో ప్రొజెక్టర్ పెట్టి, టికెట్ మీద వేస్తే? అద్దె తప్పుతుంది కదా.

నైజాం_నాగులు:
వద్దు తమ్ముడూ. లైసెన్స్ లేని హాల్లో టికెట్ పెట్టి సినిమా వేయకూడదు. మీ దగ్గర్లోని థియేటర్ యజమానిని కలిసి మార్నింగ్ షో ఒక్కటే అడుగు. ఆ టైంలో హాలు ఎలాగూ ఖాళీ, కరెంటు ఖర్చు పోను మిగిలింది సగం సగం అను. చాలామంది ఒప్పుకుంటారు. వీపీఎఫ్ కూడా షో లెక్కన కుదురుతుందేమో ముందే కనుక్కో.