అప్‌డేట్: పాత అవుట్‌బోర్డ్ ఇంజన్ ఎందుకు ఆగిపోతోందో దొరికింది

నాన్నగారి పడవకి వెనక తగిలించే పాత టూ స్ట్రోక్ ఇంజన్ హార్బర్ దాటి వేగం పెంచగానే ఆగిపోతోందని, పెట్రోలు గొట్టం మధ్యలో ఉండే రబ్బరు బల్బు (చేత్తో పిసికి ఇంజన్‌కి పెట్రోలు పంపేది) పిసికితే మళ్లీ స్టార్టవుతోందని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. ప్లగ్గులు మార్చాను, కార్బ్యురేటర్ జెట్లు కడిగించాను. తేడా రాలేదు.

"ఆగేటప్పుడు బల్బు ఎలా ఉందో చూడు తమ్ముడూ" అని ఒక అన్న చెప్పిన మాటే దారి చూపింది. నిన్న తెల్లవారుజామున మావాడు ఇంజన్ పట్టుకుంటే, నేను బల్బు మీదే చెయ్యి ఉంచాను. వైజాగ్ డాల్ఫిన్స్ నోస్ కొండ దాటాక అది లోపలికి నొక్కుకుపోయి అప్పడంలా అయింది. అంటే ట్యాంకు వైపు నుంచే పెట్రోలు అందట్లేదు. ట్యాంకు మూత మీద లోపలికి గాలి వెళ్లే స్క్రూ తెరిచే ఉంది, కాబట్టి తప్పు దానిది కాదు. ఒడ్డుకొచ్చి ట్యాంకుకీ బల్బుకీ మధ్య గొట్టాన్ని బ్లేడుతో నిలువునా చీల్చాం. పైకి నిగనిగలాడుతోంది, లోపలి పొర మాత్రం ఉల్లిపొరలా ఊడి వేలాడుతోంది. ఇంజన్ గట్టిగా లాగినప్పుడల్లా ఆ పొరే దారి మూసేస్తోంది!

కొత్త గొట్టం, బల్బు, క్లిప్పులు వేశాం. ఈ రోజు భీమిలి దాకా వెళ్లొచ్చాం, ఒక్కసారి కూడా ఆగలేదు. బల్బు పిసికితేనే మీ ఇంజన్ నడుస్తోందంటే, కార్బ్యురేటర్ విప్పే ముందే గొట్టం చూడండి. నడిసముద్రంలో ఇంజన్ ఆగితే ఇంట్లోవాళ్ల టెన్షన్ ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఆ అన్నకి మా అమ్మ కూడా దణ్ణం చెప్పమంది.