అక్క ఫోటోల్లో కర్రలా బిగుసుకుపోతోంది, ఏం చెయ్యాలి?

పర్లాకిమిడి తమ్ముడు:
అందరికీ నమస్కారం. కెనాన్ 1500డి కెమెరా కొని ఎనిమిది నెలలైంది, 50 ఎంఎం ఎఫ్1.8 లెన్సు కూడా ఉంది. సంబంధాలకి పంపడానికి అక్క ఫోటోలు తీద్దామని పోయిన ఆదివారం గోపాలపూర్ తీసుకెళ్లాను. సాయంత్రం నాలుగింటికి సముద్రం వెనక వచ్చేలా నిలబెట్టి రెండు వందల దాకా తీశాను. ఇంటికొచ్చి చూస్తే అన్నిట్లోనూ కళ్లు చికిలించి ఉంది, చేతులు వేలాడుతున్నాయి, సముద్రం గీత సరిగ్గా మెడ మీదుగా పోయింది. ఇంట్లో కబుర్లు చెప్పేటప్పుడు ఎంత కళగా ఉంటుందో! అమ్మ చూసి "ఇది మన పిల్లేనా" అంది. అక్క ఇంక ఫోటోలే వద్దంటోంది, నాకదే బాధ. ఫోజులు ఎలా చెప్పాలి, ఫ్రేము ఎలా పెట్టుకోవాలి?

బరంపురం స్టూడియో:
తమ్ముడూ, తప్పు మీ అక్కది కాదు, ఎండది. మన తీరం తూర్పు వైపు కదా, పొద్దున సూర్యుడు నీళ్ల మీంచి లేస్తాడు, సాయంత్రం ఊరి వెనక దిగుతాడు. సాయంత్రం సముద్రాన్ని వెనక పెడితే ఎండ సూటిగా ఆమె కళ్లలోనే కొడుతుంది, చికిలించక ఏం చేస్తుంది? సముద్రమే కావాలంటే సూర్యుడు దిగాక తియ్యి, డిసెంబరులో మనకి అయిదుంబావుకల్లా దిగిపోతాడు, ఆ తర్వాత పది పదిహేను నిమిషాలు వెలుగు చాలా మెత్తగా ఉంటుంది. లేదంటే ఆమెని నీళ్ల వైపు తిప్పి నువ్వు ఎదురుగా నిలబడు, జుట్టు అంచున వెలుగు పడుతుంది, మొహం నల్లబడకుండా ఎక్స్‌పోజర్ ప్లస్ ఒకటి పెట్టు, ఫోటో కాస్త వెలుగ్గా వస్తుంది. అలని మాత్రం చూసుకో, నీ వీపు సముద్రం వైపుంటుంది.
మెడ మీద గీత సంగతి. ఇద్దరూ ఒకే చదునులో ఉంటే కెమెరా ఎంత ఎత్తులో ఉందో ఆ గీత మనిషిని అంత ఎత్తులోనే కోస్తుంది. నువ్వు నిలబడి కెమెరా ఆమె మెడ ఎత్తున పట్టుకుని తీసుంటావు. నిలువెత్తు ఫోటోకి మోకాలి మీద కూర్చుని నడుం ఎత్తున పట్టు, గీత నడుం దగ్గరికి దిగిపోతుంది, మనిషి కూడా పొడుగ్గా కనబడుతుంది.

రాయగడ అక్క:
నేను తీసేదానికంటే దిగేదే ఎక్కువ, అటు నుంచి చెప్తాను. "నవ్వు, నిటారుగా నిలబడు" అంటే ఎవరైనా బిగుసుకుపోతారు. పని చెప్పు బాబూ. పూలు సర్దుకోమను, కొంగు చివర పట్టుకోమను, పది అడుగులు నడిచి పిలిస్తే తిరిగి చూడమను. బరువంతా ఒక కాలి మీద వేసి రెండోది వదులుగా ఉంచితే నడుం దానంతటదే ఒంపు తిరుగుతుంది. మోచేయి ఒంటికి అతుక్కోకుండా కాస్త సందు కనబడాలి, లేకపోతే చెయ్యి లావుగా వస్తుంది. గడ్డం కొద్దిగా ముందుకి, పిసరంత కిందికి. బాగా వచ్చిన ఒక్కటి అక్కడే స్క్రీన్ మీద చూపించు, ఆ తర్వాత మనిషి మారిపోతుంది చూడు.
ఇంకోటి, ఆదివారం బీచ్‌లో పది మంది చూస్తుంటే ఆడపిల్లకి మొహంలో నవ్వెలా వస్తుంది? మీ ఊళ్లో మహేంద్రతనయ ఒడ్డు లేదా? అసలు ఇంటి అరుగు చాలదా? మీ అమ్మగారిని పక్కన కూర్చోబెట్టి కబుర్లు చెప్పించు.

జయపురం కెమెరా:
అక్క మాటే నా మాట, అరుగు నీడే బెస్ట్. సంబంధాలకి పంపే ఫోటోలో వెనక వెలుగు అందంగా ఉన్నా మొహం తేటగా రాదు, అందులో మాత్రం స్టూడియో అన్నతో నేను ఒప్పుకోను. చూరు నీడ అంచుకి దగ్గరగా కూర్చోబెట్టి వెలుతురు వైపు మొహం తిప్పు. పచ్చటి చెట్టు కింద వద్దు, ఆకుల రంగు మొహానికి పడుతుంది. ఎఫ్1.8 మీద, అంటే లెన్సు పూర్తిగా తెరిచి, నాలుగడుగుల నుంచి తీస్తే ముందూ వెనకా కలిపి మూడు నాలుగు సెంటీమీటర్ల లోతే షార్ప్‌గా వస్తుంది, ముక్కు బాగుండి కళ్లు మసకైపోతాయి. లెన్సు కాస్త మూసి ఎఫ్2.8 పెట్టు, సింగిల్ పాయింట్ ఫోకస్ (ఒక్క చుక్క మీదే ఫోకస్ చేసేది) నీకు దగ్గరున్న కంటి మీద వెయ్యి. మణికట్టు, మోచేయి, మోకాలు దగ్గర ఫ్రేము తెగకూడదు. బటన్ నొక్కే ముందు నాలుగు అంచులూ ఒకసారి చూడు, తల వెనక కిటికీ ఊచ, కరెంటు తీగ ఏదో ఒకటి ఉంటుంది.

పర్లాకిమిడి తమ్ముడు:
అన్నా, అక్కా, ఈ రోజు పొద్దున అరుగు మీద తీశాను. మొదటి ఇరవై పాత కథే. తర్వాత అమ్మ పక్కింటి వాళ్ల దూడ సంగతేదో ఎత్తింది, అక్క జడలో కనకాంబరాలు తురుముకుంటూ అమ్మ వైపు తిరిగి నవ్వింది, అక్కడ దొరికింది. కళ్లు షార్ప్‌గా ఉన్నాయి, మెడ వెనక ఏ గీతా లేదు. మోచేయి దగ్గర ఫ్రేము తెగిపోయింది, అది నా తప్పే, మళ్లీ తీస్తానన్నాను. అక్క ఒప్పుకోలేదు, ఇదే పంపమంటోంది.