శ్రీభాష్యం చదువుతున్న కుర్రాడు డాక్టరేట్‌కి ఆక్స్‌ఫర్డ్ వెళ్ళాలా?

కపిలతీర్థం రోడ్డు:
మా తమ్ముడు తిరుపతి జాతీయ సంస్కృత విశ్వవిద్యాలయంలో విశిష్టాద్వైత వేదాంతం ఆచార్య (ఎం.ఏ. స్థాయి) పూర్తి చేశాడు. ఆక్స్‌ఫర్డ్ థియాలజీ విభాగంలో డాక్టరేట్ సీటు, పూర్తి స్కాలర్‌షిప్ వచ్చాయి. అంశం శ్రీవైష్ణవ ఆచార్యులు వేదాంత దేశికులు చెప్పిన శరణాగతి. అక్టోబరులో చేరాలి. నాన్నగారు చంద్రగిరి వైపు ఒక గుడిలో అర్చకులు. సముద్రం దాటొచ్చినవాడు మళ్ళీ మూలవిరాట్టును ఎలా తాకుతాడని పట్టుబట్టారు. పైగా వాడి శ్రీభాష్య కాలక్షేపం (బ్రహ్మసూత్రాల మీద రామానుజుల భాష్యాన్ని గురువు దగ్గర వరసగా వినే పాఠం) ఇంకా మొదటి భాగమైన జిజ్ఞాసాధికరణం దాటలేదు, చెప్పే స్వామికి ఎనభై దాటాయి. ఇంట్లో రోజూ టెన్షనే. మీరేమంటారు?

చిత్తూరు ప్లీడరు:
పంపించండి. నాన్నగారితో శాస్త్రం పెట్టే మాట్లాడండి. బౌధాయన ధర్మసూత్రంలో పతనీయాల (మనిషిని పతితుణ్ణి చేసే పాపాల) జాబితా సముద్రయానంతోనే మొదలవుతుంది, నిజమే. కానీ ప్రాయశ్చిత్తం కూడా అక్కడే ఉంది: మూడేళ్ళు మితాహారం, మూడు పూటలా స్నానం, పగలు నిలబడి, రాత్రి కూర్చుని గడపడం. అంటే తిరిగొచ్చే దారి మూయలేదు. ఉడుపిలో 2008 పర్యాయం (కృష్ణపూజ ఒక మఠం నుంచి ఇంకో మఠానికి వంతు మారడం) అప్పుడు, విదేశాలు తిరిగొచ్చిన పుత్తిగె మఠం స్వామి కృష్ణుణ్ణి తాకవచ్చా అని ఎంత రభస జరిగింది! ఆ స్వామే 2024లో మళ్ళీ పర్యాయ పీఠం ఎక్కారు.

అలిపిరి దాసుడు:
ప్లీడరు గారూ, ఉడుపి మాధ్వులది. మన ఆగమం (గుడి పూజా శాస్త్రం) వేరు, అక్కడ చెల్లింది ఇక్కడ చెల్లదు. అయినా ఆ మూడేళ్ళ వ్రతం ఈ రోజుల్లో ఎవరు చేస్తారు, మీరు చేయిస్తారా?

నా అభ్యంతరం వేరే. శ్రీభాష్యం పుస్తకం ఎక్కడైనా దొరుకుతుంది. దాని వ్యాఖ్యానం శ్రుతప్రకాశిక పక్కన పెట్టుకుని, పూర్వపక్షం (ఎదుటివాళ్ళ వాదం) ఎక్కడ ముగిసింది, సిద్ధాంతం (మన జవాబు) ఎక్కడ మొదలైందని ఒక్కో వాక్యం విప్పి చెప్పే పెద్దలు ఎంతమంది మిగిలారు? ఆక్స్‌ఫర్డ్ వచ్చే ఏడూ ఉంటుంది. తాళపత్రాలు కావాలంటే మన ఊళ్ళోనే ప్రాచ్య పరిశోధన సంస్థ ఉంది, 1939 నుంచి. పీహెచ్‌డీయే కావాలంటే మద్రాసు విశ్వవిద్యాలయంలో వైష్ణవ శాఖ ఉంది. పొద్దున బస్సెక్కితే మధ్యాహ్నానికి అక్కడుంటాడు.

పూతలపట్టు నుంచి లండన్:
స్వామీ, ఆక్స్‌ఫర్డ్ ఉంటుంది, డబ్బు ఉండదు. స్కాలర్‌షిప్‌ను వచ్చే ఏడాదికి జరపడం సాధారణంగా కుదరదు. సొంత ఖర్చుతో అయితే నేనే వద్దనేవాణ్ణి, ఇల్లు తాకట్టు పెట్టి చదివే చదువు కాదిది.

అక్కడ మూడు నాలుగేళ్ళు, మొదటి రోజు నుంచీ సిద్ధాంత వ్యాసం పనే. ముందు ప్రొబేషనర్‌గా తీసుకుంటారు, మధ్యలో రాసింది చూపించి నిలబడితేనే డీఫిల్ (అక్కడి పీహెచ్‌డీ) విద్యార్థి. దేశికులు చెప్పింది సరైనదని నిరూపిస్తే వాళ్ళకు చాలదు. మరో శ్రీవైష్ణవ ఆచార్యులు పిళ్ళై లోకాచార్యులతో ఎక్కడ విడిపోయారు, ఎందుకు, అని అడుగుతారు. దానికి దేశికుల రహస్యత్రయసారం మణిప్రవాళంలో (తమిళం, సంస్కృతం కలిసిన భాషలో) చదవాలి. తమ్ముడికి తమిళం వచ్చా? నన్నడిగితే అసలు ప్రశ్న ఇదీ, విమానం కాదు.

మన సంప్రదాయం అక్కడెవరికి తెలుసు అనుకోవద్దు. జాన్ కార్మన్ రామానుజుల మీద 1974లోనే ఇంగ్లీషులో గ్రంథం వేశారు. హార్వర్డ్‌లో పాఠాలు చెప్పిన జెస్విట్ ఫాదర్ ఫ్రాన్సిస్ క్లూనీ దేశికులను ఒక క్రైస్తవ సాధువుతో కలిపి చదివి పుస్తకమే రాశారు. వాళ్ళకు ఎదురు చెప్పాలంటే కాలక్షేపం విన్నవాడే వెళ్ళాలి.

ఉద్యోగం మాట కూడా చూసుకోండి. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం ప్రపంచ ర్యాంకుల్లో మొదటి 500లో ఉన్న విదేశీ వర్సిటీ పీహెచ్‌డీ అయితే అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు నెట్ పరీక్ష అక్కర్లేదు. కానీ నోటిఫికేషన్‌లో విశిష్టాద్వైతం అని ఉండి, చేతిలో థియాలజీ పట్టా ఉంటే కమిటీ ముందు వాదించుకోవాలి.

కపిలతీర్థం రోడ్డు:
తమిళం ఇంట్లోనే వచ్చు, దివ్యప్రబంధం కంఠస్థం. బౌధాయనం సంగతి నాన్నగారికి చెప్పాను. ఆ మూడేళ్ళూ చేస్తానని వాడు రాసిస్తే అప్పుడు చూద్దామన్నారు!

అలిపిరి దాసుడు:
చూశారా ప్లీడరు గారూ. స్కాలర్‌షిప్ ఆగదంటే సరే, వెళ్ళనివ్వండి. అయితే అక్టోబరు లోపు స్వామి దగ్గర జిజ్ఞాసాధికరణంలోని మహాసిద్ధాంతం వరకైనా ముగించమనండి. వీసా కాగితాల పని ఇంట్లో మీరు చూసుకోండి, వాణ్ణి తిప్పకండి.